తిరుగు టిక్కెట్టు ఎవరి చేతిలో?

వలస కూలీల గురించి మనం చాలాకాలంగా మాట్లాడుకుంటున్నాం. కూలి ఎంత ఇస్తున్నారు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానంగా ఇస్తున్నారా, అడ్వాన్సు పేరుతో కట్టిపడేస్తున్నారా, పిల్లల చదువు ఏమవుతోంది అన్న ప్రశ్నలన్నీ మన సర్వేల్లో ఉంటాయి. ఉండాల్సిందే. కానీ ఊరికీ పనికీ మధ్య ఉన్న దారి గురించి మాత్రం మనం దాదాపు ఏమీ అడగం. ఏ బండి ఎక్కారు? ఛార్జీ ఎవరు పెట్టారు? దారిలో నీళ్లెక్కడ తాగారు, ఒంటికి రెంటికి ఎక్కడికి పోయారు? అన్నిటికంటే ముఖ్యంగా, తిరిగి రావాలనిపించిన రోజున తనంతట తాను తిరిగి రాగలిగే వీలు ఆ స్త్రీకి ఉందా? పనిచోట ఆమె ఎంత ధైర్యంగా నోరు తెరవగలదన్నది చాలావరకు ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. అందుకే ఈసారి కూలి రేట్ల గురించి కాకుండా ఒక రైలు దారి గురించి రాస్తున్నాను.

నేను పనిచేసేది కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో. మద్దికెర, తుగ్గలి, పత్తికొండ ఒకవైపు. ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు ఇంకొకవైపు. వాన మీద బతికే నేల. వేరుశనగ, పత్తి, ఉల్లి, టమోటా వేస్తారు. పండితే ధర ఉండదు, ధర ఉన్న ఏడు పండదు. పత్తికొండ మార్కెట్లో టమోటాకు ధర లేక రోడ్డు మీద పారబోసిన సంవత్సరాలు అందరికీ గుర్తే. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో వజ్రాల కోసం జనం వెదుకుతున్నారని పత్రికలు ఫొటోలు వేస్తాయి. ఎవరికో ఒకరికి రాయి దొరికితే అది పెద్ద వార్త. ఆ తర్వాత కొన్ని నెలలకు, ఉన్న కాస్త పంట ఇంటికి చేరాక, ఇవే ఊళ్ల నుండి కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని బయలుదేరతాయి. దాన్ని ఇక్కడ ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఎక్కువమంది పోయేది గుంటూరు వైపు, మిరప కోతలకు, పత్తి తీతకు. ఉగాది దాకా, ఒక్కోసారి ఆ తర్వాత దాకా అక్కడే. ఊళ్లో అవ్వలు, తాతలు, తలుపులకు వేసిన తాళాలు మిగులుతాయి.

ఈ పోవడానికీ రావడానికీ ఒక రైలు దారి ఉంది. గుంతకల్లులో మొదలై మద్దికెర, పెండేకల్లు, డోన్, బేతంచెర్ల, పాణ్యం, నంద్యాల మీదుగా నల్లమల కొండల్లోకి దిగుతుంది. గాజులపల్లి, చలమ, దిగువమెట్ట దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు చేరుతుంది. నాలుగు వందల కిలోమీటర్లు. ఒక చివర ఆదోని జిన్నింగు మిల్లులూ గుంతకల్లు రైల్వే షెడ్లూ, ఇంకో చివర గుంటూరు మిర్చి యార్డు. మధ్యలో బేతంచెర్ల నాపరాయి, పాణ్యం వైపు సిమెంటు. ఆదోని, కోసిగి వాళ్లు ముంబయి-చెన్నై లైను మీద వచ్చి గుంతకల్లులో బండి మారాలి. ఎమ్మిగనూరుకైతే అసలు రైలే లేదు.

కరువు కోసం వేసిన దారి

ఈ దారి ఎందుకు పుట్టిందో మనం ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1876-78లో వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. బళ్లారి, కర్నూలు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. మద్రాసు నుండి వచ్చే రైలు లైను 1871 నాటికే ఆదోని మీదుగా రాయచూరు చేరింది. అంటే కరువు వచ్చేనాటికి ఆదోనికి రైలు ఉంది. అయినా జనం చచ్చిపోయారు. రైలు గింజల్ని డబ్బున్న చోటికి తీసుకుపోతుందే తప్ప ఆకలి ఉన్న చోటికి తనంతట తాను తీసుకుపోదు. కరువు పనుల్లో ఒక మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, దాని మీద కాసిని చిల్లర కాసులు చాలునని రిచర్డ్ టెంపుల్ దొర 1877లో లెక్కగట్టాడు. అరకిలో కూడా కాదు. దాంతో రోజంతా మట్టి మోయాలి.

ఆ కరువు తర్వాత 1880 నాటి కరువు కమిషన్ ‘రక్షణ రైల్వేలు’ వేయమంది. లాభం వచ్చినా రాకపోయినా కరువు ప్రాంతాలకు గింజలు చేర్చడానికి వేసే లైన్లు అవి. బళ్లారి ప్రాంతాన్ని కృష్ణా డెల్టాతో కలపాలని 1880లలో మీటర్‌గేజ్ లైను నల్లమల గుండా వేశారు. కొండను తొలిచి సొరంగం చేశారు. ఆ పక్క ఊరి పేరే బొగద, అంటే సొరంగం. లోయ మీద దొరబావి వంతెన కట్టారు. 1990లలో బ్రాడ్‌గేజ్ వచ్చినప్పుడు లైను మారి ఆ వంతెనను వదిలేశారు. ఇప్పుడు దాన్ని చూడ్డానికి పోయేవాళ్లు ఇంజనీర్ల గొప్పతనం గురించి చెప్పుకుంటారు. తట్టలతో మట్టి మోసిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. అందులో ఆడవాళ్లు ఎందరో లెక్కా లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఆ దారి డెల్టా గింజల్ని కరువు సీమకు తేవడానికి వేశారు. నూట ముప్పై ఏళ్లు దాటాక అదే దారి కరువు సీమ మనుషుల్ని డెల్టా దిక్కు పొలాలకు మోసుకుపోతోంది. కరువు నుండి రక్షణ అన్న మాటకు అర్థం మారిపోయింది. గింజలు రావడం మానేసి మనుషులు పోవాల్సి వచ్చినప్పుడు, ఆ మనుషుల ప్రయాణం గౌరవంగా, భద్రంగా ఉండేట్టు చూడాల్సిన బాధ్యత ఎవరిది? ఆ లైనును కరువు నుండి రక్షణ కోసమే వేశామని చెప్పుకున్న ప్రభుత్వానిది కాదా?

మేస్త్రీ బండి, మన టిక్కెట్టు

సుగ్గికి పోయేవాళ్లందరూ రైల్లో పోరు. చాలామంది మేస్త్రీ మాట్లాడిన లారీలోనో, మినీ వ్యానులోనో, ట్రాక్టర్ ట్రక్కులోనో పోతారు. ఊరి ముందరే ఎక్కిస్తారు, చేను దగ్గరే దించుతారు. బియ్యం, జొన్నలు, పాత్రలు, కట్టెలు, పిల్లలు, అన్నీ ఒకే బండిలో పోతాయి. ఛార్జీ చేతినుంచి పెట్టనక్కర్లేదు. ఇవన్నీ నిజమైన సౌకర్యాలే. రైల్లో పోతే స్టేషనుకు ఆటో, గుంతకల్లులో పడిగాపులు, అటువైపు దిగాక చేను దాకా మళ్లీ ఆటో. అందుకే ఆడవాళ్లు బండే నయమంటారు.

అయితే మా సంఘాల్లో కూర్చుని తీరిగ్గా మాట్లాడితే వేరే సంగతులు బయటకొస్తాయి. మేస్త్రీ పెట్టిన ఛార్జీ అడ్వాన్సులో కలుస్తుంది. ఎంత కలిసిందో చాలామంది ఆడవాళ్లకు తెలియదు, ఎందుకంటే లెక్క మాట్లాడేది భర్తతోనో మామతోనో. బండి పోయేటప్పుడు వస్తుంది గానీ, వచ్చేటప్పుడు మేస్త్రీ చెప్పిన రోజునే వస్తుంది. మధ్యలో బిడ్డకు జ్వరమొచ్చినా, ఊళ్లో తల్లి మంచం పట్టినా, చేను యజమానో మేస్త్రీయో చెయ్యి పట్టుకున్నా ఆమెకు బండి లేదు. చేతిలో డబ్బు లేదు, ఎందుకంటే లెక్క చివర్లోనే తేలుతుంది. ఏ స్టేషనుకు ఎట్లా పోవాలో తెలియదు. ఒంటరిగా నాలుగు వందల కిలోమీటర్లు ఎట్లా వస్తానన్న భయం. ఈ భయం మీదే మేస్త్రీ పెత్తనం నిలబడి ఉంది. తాళం వేసి బంధించనక్కర్లేదు, తిరిగి వచ్చే దారి వాడి చేతిలో ఉంటే చాలు.

రైల్లో సొంత టిక్కెట్టుతో పోయి అలవాటైన స్త్రీల సంగతి వేరు. వాళ్లకు దారి తెలుసు. గుంటూరులో ఏ బండి ఎక్కాలో, నంద్యాలలో ఎంతసేపు ఆగుతుందో తెలుసు. కూలి దగ్గర గొడవొస్తే మూట కట్టుకుని నలుగురు కలిసి వచ్చేసిన వాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. రైలు ఉండగానే విముక్తి వచ్చేస్తుందని నేను అనడం లేదు. కానీ ‘పోతాను’ అని చెప్పగలిగే మనిషితో బేరం ఒకరకంగా ఉంటుంది, పోలేని మనిషితో ఇంకొకరకంగా ఉంటుంది.

ప్రమాదం జరిగినప్పుడు ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కోతల నుండి ఇళ్లకు వస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. కూలీలు చనిపోయారు. ఇటువంటివి ఏటా వింటూనే ఉన్నాం. సరుకులు మోసే బండిలో మనుషులు ఎక్కితే బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో చెప్పింది. బండి యజమాని ఇవ్వాలి. ఆయన దగ్గర వసూలు చేయడానికి ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి. అదే రైలు ప్రయాణికురాలైతే 1989 రైల్వే చట్టం 124, 124-ఎ సెక్షన్లు వర్తిస్తాయి. రైలు ప్రమాదంలో గానీ, బండి నుండి జారిపడి గానీ, బండిలో దోపిడీ, దాడి జరిగి గానీ చనిపోతే, రైల్వే తప్పు ఉందని నిరూపించకుండానే పరిహారం ఇవ్వాలి. 2017 జనవరి 1 నుండి ఆ మొత్తం 8 లక్షల రూపాయలు. ఏడాది లోపల రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి. శవం దగ్గర టిక్కెట్టు దొరకలేదన్న ఒక్క కారణంతో తిరస్కరించడానికి వీల్లేదని 2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ సంగతి మన కార్యకర్తల్లో ఎంతమందికి తెలుసు? కొద్దిపాటి సొమ్ముతో కొన్న జనరల్ టిక్కెట్టు వెనక ఇంత హక్కు ఉంది. లారీ ఎక్కించుకుపోయేవాడు ఆ హక్కును కూడా మననుంచి లాక్కుంటున్నాడు.

చట్టానికి కనపడని నాలుగు వందల కిలోమీటర్లు

1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు అయిదుగురు లేక అంతకంటే ఎక్కువ మందిని ఒక రాష్ట్రం నుండి ఇంకో రాష్ట్రానికి తీసుకుపోతే, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఛార్జీ ఇవ్వాలి, ప్రయాణం చేసిన రోజులకు కూలి కట్టివ్వాలి అని అందులో రాశారు. ప్రయాణం కూడా పనిలో భాగమేనని ఒప్పుకున్న చట్టం అది. సరిగా అమలు కాలేదన్నది వేరే సంగతి. సూత్రం మంచిది.

కానీ ‘ఇంకో రాష్ట్రం’ అన్న మాట దగ్గరే మన ఆడవాళ్లు బయట పడిపోయారు. మద్దికెర నుండి బళ్లారికి పోతే రాష్ట్రం దాటినట్టు. గుంతకల్లు నుండి ఒక గంటో గంటన్నరో ప్రయాణం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆదోని ఇటూ బళ్లారి అటూ పోయింది గనక అది వేరే రాష్ట్రం. అదే మద్దికెర నుండి కొండలు దాటి, నదులు దాటి, నాలుగు వందల కిలోమీటర్లు గుంటూరుకు పోతే రాష్ట్రం దాటనట్టే. నోటు పుస్తకంలో గీసిన గీత దాటితే వలస కార్మికురాలు, నల్లమల దాటితే కాదు! ఆకలికి, అలసటకు, అవమానానికి రాష్ట్రాల సరిహద్దులు తెలుసా?

2020లో పార్లమెంటు ఆమోదించి 2025 నవంబర్ 21 నుండి అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ పాత చట్టాన్ని తనలో కలుపుకుంది. సొంత ఊరికి పోయిరావడానికి ఛార్జీ ఇవ్వాలన్న మాట అందులోనూ ఉంది. కానీ అది కూడా అంతర్రాష్ట్ర కార్మికులకే. రాష్ట్రం లోపలి వలస మళ్లీ లెక్కలోకి రాలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి రైళ్లన్నీ ఆపినప్పుడు మిరప కోతల్లో ఉన్న మన జిల్లా కూలీలు గుంటూరు వైపు చేలల్లోనే చిక్కుకుపోయారు. ఎంతమంది, ఏ ఊళ్లలో ఉన్నారన్న జాబితా ముందుగా ఏ కార్యాలయంలోనూ లేదు. అయినా ఆ పాఠం నేర్చుకున్నవాళ్లు కనపడరు. ఇప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీలాక కర్నూలు జిల్లా కూలీ నంద్యాల జిల్లా దాటి పల్నాడు జిల్లాలో పనిచేస్తోంది. ఆమె ఫిర్యాదు ఎవరు వినాలి?

బోగీలో ఆడదాని చోటు

రైలు మంచిదని చెప్పినంత మాత్రాన రైలు మన కోసం సిద్ధంగా ఉందని కాదు. సుగ్గి రోజుల్లో జనరల్ బోగీలో నిలబడటానికి చోటుండదు. మరుగుదొడ్డి ముందర మూటల మీద పిల్లల్ని పడుకోబెట్టి తల్లులు కూర్చుంటారు. మరుగుదొడ్డి లోపల కూడా మనుషులుంటే బహిష్టులో ఉన్న ఆడపిల్ల ఎక్కడికి పోవాలి? ఈ సమస్యకు భయపడి బండెక్కే ముందు రోజు నుండే నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఉన్నారు. బాలింతలు, గర్భిణులు కూడా ఇదే పని చేస్తారు. ఆరోగ్య శిబిరాల్లో మనం మూత్రపు మంట గురించి మందులిస్తాం గానీ దాని మూలం రైలు బోగీలోనూ మిరప చేనులోనూ ఉందని రాసుకోం.

రైల్వే చట్టం 58వ సెక్షన్ ప్రకారం ప్రయాణికుల బండి ప్రతిదానిలోనూ స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక కంపార్ట్‌మెంటో, కొన్ని సీట్లో కేటాయించి తీరాలి. అందులోకి ఎక్కిన మగవాళ్లకు 162వ సెక్షన్ కింద జరిమానా వేయొచ్చు, దించేయొచ్చు. 139వ సెక్షన్‌లో ఇంకో మంచి మాట ఉంది. మగతోడు లేని స్త్రీని, పిల్లల్ని టిక్కెట్టు లేదని ఎక్కడపడితే అక్కడ దించకూడదు. బయలుదేరిన స్టేషనులోనో, జంక్షన్‌లోనో, చివరి స్టేషనులోనో, జిల్లా కేంద్రంలోనో మాత్రమే, అదీ పగటిపూట మాత్రమే దించాలి. అంటే రాత్రిపూట అడవి మధ్య చలమలోనో దిగువమెట్టలోనో దించడం చట్టవిరుద్ధం. సెకండ్ క్లాసులో ఒక్కొక్కరు 35 కిలోల సామాను ఉచితంగా తీసుకుపోవచ్చు. మూట చూసి డబ్బులడిగితే ఇవ్వనక్కర్లేదు. బండిలో అఘాయిత్యం జరిగితే 139 నంబరుకు ఫోన్ చేయొచ్చు. బండి ఏ పోలీసు స్టేషను పరిధిలో ఉందో మనం వెతకనక్కర్లేదు. దిగిన చోటే ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై 1 నుండి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఇన్ని హక్కులు కాగితం మీద ఉన్నాయి. అవి మద్దికెర ప్లాట్‌ఫారం మీదకు రావాలంటే ఎవరో ఒకరు తీసుకురావాలి.

పేదవాళ్ల బండ్ల పట్ల రైల్వే ఎట్లా ప్రవర్తించిందో కూడా చూడండి. 2020లో ప్యాసింజరు బండ్లు ఆపేశారు. తిరిగి నడిపినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు పెట్టి కనీస ఛార్జీ 10 రూపాయల నుండి 30 రూపాయలు చేశారు. బండి అదే, వేగం అదే. 2024 ఫిబ్రవరి దాకా పేదవాళ్లు మూడింతలు కట్టారు. 58 ఏళ్లు దాటిన స్త్రీలకు ఉండిన సగం ఛార్జీ రాయితీని కూడా 2020 మార్చిలోనే తీసేశారు. మనవళ్లను చూసుకోవడానికి కూతురి వెంట చేనుకు పోయే అవ్వ మీద పడిన భారం అది.

ఇంకోపక్క ఇదే లైనును రెండు వరుసలు చేయడానికి 2016-17లో దాదాపు 3,600 కోట్ల రూపాయల పథకం మంజూరైంది. నేను దాన్ని వ్యతిరేకించడం లేదు. కానీ ఆ రెండో వరుస మీద ఏం నడపబోతున్నారు? సిమెంటు, బొగ్గు, దూరపు ఎక్స్‌ప్రెస్‌లేనా? ఒక వరుస ఉన్నప్పుడు క్రాసింగు కోసం ప్యాసింజర్లను ఆపేస్తున్నామని చెప్పేవారు. రెండో వరుస వచ్చాక ఆ సాకు చెల్లదు.

‘వలసను ప్రోత్సహిస్తారా?’

ఈ మాట నేను సమావేశాల్లో చెప్పినప్పుడు మన మిత్రులే కొందరు అభ్యంతరం చెబుతారు. వలసలు ఆగాలని పోరాడాల్సిన మనం వలసకు మంచి రైళ్లు అడగడమేమిటి? తుంగభద్ర నీళ్లలో న్యాయమైన వాటా రావాలి, పత్తికొండ ప్రాంతం గుండా పోతున్న హంద్రీ-నీవా కాలువ నీళ్లు చేలకు పారాలి, ఊళ్లోనే పని దొరకాలి అని అడగాలి గదా అంటారు.

అడగాలి. ఆ డిమాండ్లలో ఒక్కటి కూడా నేను వదులుకోను. 2006 ఫిబ్రవరి 2న మన పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు సుగ్గి ఆగుతుందని ఆశపడిన వాళ్లలో నేనూ ఉన్నాను. పని దొరికిన చోట, కూలి వేళకు పడిన చోట ఆడవాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు కూడా. కానీ పని ఎంతకాలం, డబ్బు ఎప్పుడు అన్నది తెలియని చోట మళ్లీ మూట కట్టారు. కాలువ తవ్వే దాకా, నీళ్లు పారే దాకా ఆకలి ఆగదు. ఈ ఏడు పోయే ఆడమనిషికి ఈ ఏడే రక్షణ కావాలి. ఆసుపత్రి కట్టమంటే జబ్బును ప్రోత్సహించినట్టు కాదు గదా.

ఇంకో అభ్యంతరం కూడా వింటాం. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, రైలెందుకు అని. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం వచ్చింది. కర్ణాటకలో 2023 జూన్‌లోనే వచ్చింది. చేతిలో పైసా లేకుండా ఒక స్త్రీ ఊరు దాటి పోగలగడం చిన్న విషయం కాదు, స్వాగతించాల్సిందే. చేను వదిలి రావాలనుకున్న స్త్రీకి అది నిజంగా ఒక దారి. ఆధార్ కార్డు తన దగ్గరే ఉంచుకోమని, మేస్త్రీకి ఇవ్వొద్దని మనం ప్రతి స్త్రీకీ చెప్పాలి. కానీ సుగ్గికి పోయేది ఒక్క స్త్రీ కాదు, కుటుంబం. నాలుగు నెలలకు సరిపడా సామానుతో, పిల్లలతో, నాలుగు వందల కిలోమీటర్లు బస్సులు మారుతూ పోవడం అయ్యే పని కాదు. బస్సు రైలుకు తోడు కావాలి గానీ బదులు కాదు.

సంక్రాంతికి హైదరాబాదు నుండి కోస్తాకు ప్రత్యేక రైళ్లు నడుపుతారు. శబరిమలకు నడుపుతారు. 2016 కృష్ణా పుష్కరాలకు నడిపారు. మంచిదే. జనం ఎప్పుడు, ఎటు పోతారో ముందే తెలుసు గనక బండ్లు వేస్తారు. సుగ్గి కూడా ప్రతి ఏటా ఇంచుమించు అదే నెలల్లో, అదే దారిలో జరుగుతుంది. అది రైల్వేకు తెలియదా? తెలుసు. పండుగకు పోయేవాడు ప్రయాణికుడు, కూలికి పోయేది రద్దీ. తేడా అక్కడుంది. చైనాలో కొత్త సంవత్సరానికి పట్టణాల నుండి పల్లెలకు పోయే వలస కార్మికుల కోసం ఏటా అదనపు రైళ్లు పెద్ద ఎత్తున నడుపుతారు. లెక్కలోకి తీసుకుంటే ఏర్పాటు చేయడం సాధ్యమేనని చెప్పడానికే ఈ ఉదాహరణ.

మనం చేయాల్సింది

1992లో దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా పోరాటం రాష్ట్రమంతా పాకినప్పుడు, ఇంటి లోపలి బాధ అనుకున్నది ప్రభుత్వ విధానమని మనం చూపించగలిగాం. ప్రయాణపు బాధ కూడా అట్లాంటిదే. ‘ఆడపుట్టుక, ఓర్చుకోవాలి’ అని ఆడవాళ్లు సర్దుకుపోతున్నది నిజానికి ఒక శాఖ తీసుకున్న నిర్ణయాల ఫలితం. కాబట్టి ఈ లైను మీద పనిచేసే సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఈ డిమాండ్లు పెట్టాలని నా ప్రతిపాదన.

ఒకటి, సుగ్గికి పోయే నెలల్లోనూ తిరిగివచ్చే నెలల్లోనూ గుంతకల్లు-గుంటూరు మధ్య అన్ని స్టేషన్లలో ఆగే, పూర్తిగా జనరల్ బోగీలున్న ప్రత్యేక ప్యాసింజర్లు మామూలు ఛార్జీకే నడపాలి. అందులో 58వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ల బోగీ ఉండాలి, అది ఆడవాళ్లకే ఉండేట్టు పోలీసు కాపలా ఉండాలి.

రెండు, మద్దికెర, తుగ్గలి వంటి చిన్న స్టేషన్లలో రాత్రిపూట లైటు, నీళ్లు, తాళం వేయని మరుగుదొడ్డి ఉండాలి.

మూడు, రాష్ట్రం లోపల జిల్లాలు దాటి పోయే కూలీలకు కూడా రానుపోను ఛార్జీ, ప్రయాణపు రోజుల కూలి ఇచ్చేట్టు రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేయాలి. ఆ డబ్బు కుటుంబ పెద్దకు కాకుండా ఎవరిది వాళ్లకే, స్త్రీది స్త్రీకే అందాలి. అడ్వాన్సులో కలపకూడదు.

నాలుగు, పోయే ఊరిలోనూ వచ్చే ఊరిలోనూ పేర్లు నమోదు కావాలి. పిల్లలకు సీజనల్ హాస్టళ్లు సుగ్గి మొదలయ్యాక కాదు, మొదటి బండి కదలకముందే తెరవాలి. అవి ఆలస్యమైతే ముందుగా బడి మానేది చెల్లెల్ని ఎత్తుకునే ఆడపిల్లే.

ఇవి అడిగే చోట్లు కూడా మనకు తెలిసి ఉండాలి. ఈ లైనును గుంతకల్లు, గుంటూరు డివిజన్లు పంచుకుంటున్నాయి. రెండు డివిజన్లలోనూ ప్రయాణికుల సలహా సంఘాలు ఉంటాయి. వాటిలో వ్యాపార సంఘాల మాట వినపడుతుంది గానీ కూలి స్త్రీ మాట వినపడదు. కర్నూలు జిల్లా సంఘాలు గుంతకల్లులోనూ, గుంటూరు, నరసరావుపేట మిత్రులు గుంటూరులోనూ ఒకే రోజున ఒకే అర్జీ ఇస్తే బాగుంటుంది. కొండకు ఇటున్న మనం, అటున్న మనం ఇంతవరకు ఒకచోట కూర్చుని మాట్లాడుకోలేదు. ఆడవాళ్లు ఏటా దాటుతున్న నల్లమలను మన సంస్థలు కూడా దాటాలి.

ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ ఏడు సర్వే ఫారాల్లో నాలుగు ప్రశ్నలు చేర్చండి. ఏ బండిలో పోయారు? ఛార్జీ ఎవరిచ్చారు, అడ్వాన్సులో ఎంత రాశారు? ఆధార్ కార్డు ఎవరి దగ్గర ఉంది? మధ్యలో రావాలనుకుంటే రాగలిగారా? ఈ నాలుగింటికి మద్దికెర నుండి వినుకొండ దాకా జవాబులు సేకరించగలిగితే, వచ్చే సుగ్గికి ముందే రైల్వే ముందరా కార్మిక శాఖ ముందరా ఉంచడానికి మన దగ్గర లెక్క ఉంటుంది. ఈ పనిలో కలిసిరాదలచిన సంఘాలు దసరా లోపల తమ మండలంలో ఒక సమావేశం పెట్టుకుని, ఏయే ఊళ్లు తీసుకుంటాయో పత్రికకు రాయాలని కోరుతున్నాను.